సిపాయి పెన్షనూ సర్కారు కొలువూ

ముప్పై అయిదు, నలభై ఏళ్ల మధ్య మనిషిని ఇంటికి పంపించే సర్కారు కొలువు మన దేశంలో ప్రధానంగా ఒక్కటే, సైన్యం. పంతొమ్మిదేళ్లకు భర్తీ అయిన సిపాయి పదిహేను, పదిహేడేళ్లు చేసి నాయక్‌గానో హవల్దారుగానో బయటికి వచ్చేసరికి పిల్లలు ఇంకా బడిలోనే ఉంటారు. తహసీల్ కచేరీలో అతని ఈడు గుమాస్తాకు అప్పటికి మరో ఇరవై ఏళ్ల నౌకరీ మిగిలి ఉంటుంది. చేతికొచ్చే మిలిట్రీ పెన్షన్‌తో ఇల్లు గడవదు కాబట్టి రెండో కొలువు వెతుక్కోక తప్పదు. కంగ్టి లాంటి చోట ఈ అవసరం మరింత గట్టిది. సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్‌కు అవతల, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న మండలం అది. వ్యవసాయమే ఆధారం. చదువుకున్నవాడికి కొలువంటే సర్కారు కొలువే. మాజీ సైనికుడు పోస్టాఫీసులోనో, రైల్వేలోనో, బ్యాంకులోనో చేరిన రోజున సర్కారు ముందు ఒక పాత ప్రశ్న నిలుస్తుంది. ఇతనికి ఇప్పటికే పెన్షన్ ఇస్తున్నాం కదా, కొత్త జీతం ఎంత ఇవ్వాలి? పదిహేడేళ్లు చేసి వచ్చాడు కదా, ఆ ఏళ్లను లెక్కలోకి తీసుకోవాలా? సెలవు ఖాతా ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? ఈ ప్రశ్నలకు సర్కారు వందేళ్లకు పైగా చెప్పుకుంటూ వచ్చిన జవాబుల చరిత్ర ఇది. మొదటి ప్రశ్నకు సర్కారు నెమ్మదిగా, కోర్టుల ఒత్తిడితో, న్యాయమైన జవాబుకు చేరిందని, రెండో ప్రశ్న దగ్గర మాత్రం ఇచ్చిన చేత్తోనే వెనక్కి తీసుకుందని నా వాదన.

కంగ్టి ప్రాంతానికి ఈ సంగతి కొత్తది కాదు. 1956 వరకు నారాయణఖేడ్ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలో పైగా జాగీర్లు విస్తారంగా ఉండేవి. పైగా అంటే నిజాం సొంత ఫౌజును పోషించడానికి ఒక కుటుంబానికి రాసిచ్చిన భూభాగం. రైతు కట్టిన శిస్తే అక్కడ గుర్రపు రౌతు జీతం. నిజాం రాజ్యంలో సిపాయి తన్ఖాకూ భూమి రాబడికీ మధ్య ముడి ఎంత గట్టిదంటే, దాని కోసం రాజ్యం సరిహద్దులే మారాయి. హైదరాబాద్ కంటింజెంట్ సైన్యానికి జీతాలు బకాయి పడ్డాయన్న లెక్క మీదే 1853లో బేరారును నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. అరబ్, రోహిల్లా జమేదార్లు సర్కారుకు అప్పులిచ్చి, ఆ బాకీ కింద తాలూకాల శిస్తు వసూలును చేజిక్కించుకున్నారు. మొదటి సాలార్ జంగ్ దివానుగా వచ్చాక వాళ్ల చేతుల్లోంచి తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించి, 1865 జిలాబందీతో జిల్లాలు ఏర్పరచి, నెల జీతం తీసుకునే అధికారులను నిలబెట్టాడు. సైనిక కొలువు, సివిల్ కొలువు వేర్వేరు దారులు కావడం ఇక్కడ అప్పుడే మొదలైంది. అయినా పైవాళ్ల విషయంలో ఆ విభజన చాలా కాలం పట్టింపులేనిదిగానే ఉంది. పైగా అమీర్లయిన ఆస్మాన్ జా, వికారుల్ ఉమ్రా ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు హైదరాబాద్ ప్రధానులయ్యారు. ఫౌజు కోసం ఇచ్చిన పైగాలు ప్రధాని పదవిలో ఉన్నన్నాళ్లూ వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. ఒకే ఖజానా నుంచి రెండు ఆదాయాలా అన్న ప్రశ్న అమీరు దగ్గర లేవలేదు. అది లేచింది సిపాయి దగ్గర.

బ్రిటిష్ ఇండియాలో ఆ ప్రశ్నకు రాతపూర్వకమైన జవాబు సివిల్ సర్వీస్ రెగ్యులేషన్స్‌లో దొరుకుతుంది. సైనిక పెన్షన్ పొందుతూ సివిల్ శాఖలో చేరినవాడికి పెన్షన్ యథావిధిగా అందుతుందని, అయితే కొత్త కొలువులో జీతం నిర్ణయించే అధికారి ఆ పెన్షన్‌ను లెక్కలోకి తీసుకోవచ్చని 526వ అధికరణం చెప్పింది. పెన్షన్ ఆగదు, జీతం తగ్గొచ్చు. చూడటానికి ఇది మర్యాదగల ఏర్పాటే. పెన్షన్ మీద చెయ్యి వెయ్యలేదన్న మాట నిలిచింది. కాని జీతం లోంచి అంతే మొత్తం కోస్తే మనిషి జేబులో తేడా ఏముంది? పెన్షన్ అనేది జరిగిపోయిన పనికి రావాల్సిన బాకీయా, దొరవారి దయా అన్న సందేహం ఆ వాక్యం అడుగున అలాగే ఉండిపోయింది. స్వతంత్ర భారతం ఆ రెగ్యులేషన్స్‌నూ, ఆ సందేహాన్నీ కలిపే వారసత్వంగా తీసుకుంది.

అప్పుడే హైదరాబాద్ గడ్డ మీద ఈ సందేహానికి ఒక స్పష్టమైన జవాబు దొరికింది. దాన్ని మన చరిత్రకారులు ఈ కోణంలో తగినంతగా చూడలేదని నాకనిపిస్తుంది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య ముగిశాక నిజాం ఫౌజును కుదించారు, బేకాయిదా దళాలను రద్దు చేశారు. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. పైగాలూ దానితో పోయాయి. 1952లో నగదు గ్రాంట్ల రద్దు చట్టంతో మన్సబుల వంటి వంశపారంపర్య భత్యాలు కూడా ముగిశాయి. తాత చేసిన సేవకు మనవడు నెలనెలా తీసుకునే డబ్బుకు కొత్త రాజ్యంలో చోటు లేదని తేలిపోయింది. కాని సొంతంగా సర్వీసు చేసి రిటైరైనవాడి పెన్షన్‌ను ఆ జాబితాలో వెయ్యలేదు. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగి నారాయణఖేడ్ బీదర్ నుంచి విడిపోయి మెదక్ జిల్లాలో కలిసినప్పుడు, బదిలీ అయిన ఉద్యోగుల సర్వీసు షరతులను కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా వాళ్లకు నష్టం కలిగేలా మార్చకూడదని ఆ చట్టం 115వ సెక్షన్ చెప్పింది. జిల్లా మారింది, రాష్ట్రం మారింది, హైదరాబాద్ సొంత నాణెం హాలీ సిక్కా పోయి దేశమంతటా చెల్లే కల్దారు రూపాయి వచ్చింది. చేసిన సర్వీసుకు రావాల్సింది మాత్రం పోలేదు. ఇనాముగా వచ్చింది వేరు, పనికి ప్రతిఫలంగా వచ్చింది వేరు అన్న గీతను ఆ ఏడెనిమిదేళ్లలో ఇక్కడ చట్టాలే గీశాయి. సిపాయి పెన్షన్ రెండో వైపుది. అలాంటప్పుడు దాన్ని చూపించి కొత్త జీతం తగ్గించడానికి ఏ ఆధారమూ మిగలదు.

ఢిల్లీ మాత్రం ఆ మాటకు రావడానికి పాతికేళ్లు తీసుకుంది. 1958 నవంబరు 25న కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన ఉత్తర్వును దగ్గరగా చూడాలి, ఎందుకంటే తర్వాతి వ్యాజ్యాలన్నీ దాని చుట్టూనే తిరిగాయి. తిరిగి కొలువులో చేరిన పెన్షనర్‌కు కొత్త పోస్టు స్కేలులో కనీస జీతం ఇవ్వాలి. అయితే ఆ జీతం, పెన్షన్, గ్రాట్యుటీని నెలవారీగా మార్చి కట్టిన విలువ, ఈ మూడూ కలిసి అతను రిటైరైనప్పటి చివరి జీతాన్ని దాటకూడదు. దాటితే పెన్షన్ పూర్తిగా ఇచ్చి, జీతంలో కోత పెట్టాలి. అంకెల్లో పెడితే దీని బరువు తెలుస్తుంది. ఊహకు ఒక హవల్దారును తీసుకుందాం. చివరి జీతం 150 రూపాయలు, పెన్షన్ 40, గ్రాట్యుటీ నెలసరి విలువ 5. కొత్త గుమాస్తా పోస్టు కనీస జీతం 110. మొత్తం 155 అవుతుంది, 150 దాటింది కాబట్టి అతని జీతం 105కి దిగుతుంది. అంటే పదిహేనేళ్లు సరిహద్దులో ఉండి వచ్చినవాడు, నిన్నగాక మొన్న పరీక్ష రాసి పక్క కుర్చీలో చేరిన కుర్రాడి కంటే 5 రూపాయలు తక్కువకు అదే పని చెయ్యాలి. ఇద్దరి ముందూ అవే ఫైళ్లు, అదే హాజరు పుస్తకం. ఉత్తర్వులో ఊరట కూడా ఒకటుంది. కనీస జీతం, పెన్షన్ కలిపినా చివరి జీతం కంటే తక్కువైతే దాన్ని కష్టంగా గుర్తించి, సమానమైన లేదా పై హోదాలో చేసిన ప్రతి ఏడాది సర్వీసుకు ఒక ఇంక్రిమెంటు చొప్పున జీతం పెంచవచ్చు. సైనిక అనుభవానికి సివిల్ కచేరీలో విలువ ఉందని కేంద్రం ఒప్పుకున్న చోటు ఇదే. అదీ కష్టం ఉంటేనే.

ఆ తర్వాత జరిగిందంతా పెన్షన్‌లో ఎంత భాగాన్ని చూసీ చూడనట్టు వదిలెయ్యాలన్న బేరమే. 55 ఏళ్లలోపు రిటైరైనవాళ్ల విషయంలో 1964 జనవరిలో 50 రూపాయల వరకు వదిలేశారు. పై ఉదాహరణలో హవల్దారుకు దాంతో పూర్తి 110 వచ్చేది. 1978 జూలైలో ఆ పరిమితి 125 అయింది. 1983లో అసలు మలుపు వచ్చింది. కమిషన్డ్ అధికారి హోదాకు కింద ఉన్న సైనికులందరికీ మొత్తం పెన్షన్‌ను, అధికారులకు 250 రూపాయలను లెక్కలోంచి తీసేశారు. సిపాయి పెన్షన్‌కూ కొత్త జీతానికీ సంబంధం లేదని ఎట్టకేలకు కాగితం మీద పడింది. ధరలు పెరిగాయి కాబట్టి పరిమితి పెంచారని దీన్ని కొట్టిపారెయ్యొచ్చు. నేను ఒప్పుకోను. ధరల కోసమే అయితే అంకె పెంచేవాళ్లు, అంకెనే తీసెయ్యరు. దీనికి కొద్ది ముందే, 1982 డిసెంబరు 17న, నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ అనేది యజమాని ఇష్టంగా ఇచ్చే బహుమానం కాదని, చేసిన సేవకు ప్రతిఫలంగా వచ్చే హక్కు అని తీర్పు చెప్పింది. అంతకు ముందు 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో పెన్షన్ ఆస్తి హక్కు అని ఇదే కోర్టు అన్నది. 1983 ఉత్తర్వు నకారా తీర్పు వల్లే వచ్చిందని నేననను. ఒకే కాలంలో, ఒకే ఆలోచన రెండు చోట్ల పండిందని మాత్రం చెప్పగలను.

కాని ఉత్తర్వు ఇచ్చిన చేతే దాన్ని ఎలా ముడుచుకుందో చూడండి. పెన్షన్ మొత్తాన్ని లెక్కలోంచి తీసేస్తే మన హవల్దారు కొత్త జీతం 110, చివరి జీతం 150. కష్టం ఉందన్నది స్పష్టం. కాబట్టి 1958 ఉత్తర్వు ప్రకారం అతని సైనిక సర్వీసుకు ఇంక్రిమెంట్లు రావాలి. 1985 డిసెంబరులో వివరణ పేరుతో ఒక లేఖ వచ్చింది. జీతం నిర్ణయించేటప్పుడు పెన్షన్‌ను వదిలెయ్యండి గాని, కష్టం ఉందా లేదా అని చూసేటప్పుడు మాత్రం వదిలేసిన పెన్షన్‌ను కూడా కలుపుకోండి అన్నది దాని సారం. కలిపితే కష్టం కనపడదు, ఇంక్రిమెంట్లూ రావు. ఒకే అంకె ఒక చోట లేనిదై, ఇంకో చోట ఉన్నదైంది. కేరళలో తపాలా శాఖలో చేరిన మాజీ సైనికులు దీని మీద ఎర్నాకుళం ట్రిబ్యునల్‌కు వెళ్లారు. డైరెక్టర్ జనరల్ ఆఫ్ పోస్ట్స్ వర్సెస్ రవీంద్రన్ కేసులో 1996 నవంబరులో సుప్రీంకోర్టు వాళ్ల పక్షం వహించింది. లెక్కలోంచి తీసేసిన పెన్షన్ అన్నిటికీ తీసేసినట్టేనని, అప్పటికే ఇచ్చిన ప్రయోజనాన్ని వివరణ పేరుతో లాక్కోకూడదని తేల్చింది. ఆ తీర్పు పాత కాలపు సైనికులకు ఉపయోగపడింది. అప్పటికే కొత్త నిబంధన వచ్చి పదేళ్లయింది.

ఆ కొత్త నిబంధన 1986 జూలైలో వచ్చిన రీఎంప్లాయ్డ్ పెన్షనర్ల జీత నిర్ణయ ఉత్తర్వులు. ఇప్పటికీ కేంద్ర కచేరీల్లో వీటి మార్పుచేర్పులే నడుస్తున్నాయి. పెన్షన్ మొత్తం లెక్కలోంచి తీసివేసిన సందర్భంలో కొత్త పోస్టులో జీతం స్కేలు కనిష్ఠం దగ్గరే మొదలవుతుంది. పెన్షన్‌లో కొంత మాత్రమే వదిలేసే అధికారికి జీతం అతని చివరి జీతం స్థాయిలో నిర్ణయమై, అందులోంచి వదిలెయ్యని పెన్షన్ భాగం కోత పడుతుంది. అధికారికి వదిలేసే మొత్తం తర్వాత పెరుగుతూ వచ్చి, ఏడో వేతన సంఘం తర్వాత 2017 మే ఉత్తర్వుతో 15,000 రూపాయలైంది. ఇక్కడ జరిగింది గమనించాలి. అధికారికి అనుభవం నిలిచింది, పెన్షన్ కోత పడింది. సిపాయికి పెన్షన్ నిలిచింది, అనుభవం చాలావరకు సున్నా అయింది. కష్టం అన్న పరీక్ష పోవడంతో సిపాయికి ఇంక్రిమెంట్ల దారి కూడా చాలావరకు మూసుకుపోయింది. పెన్షన్ పాత పనికి బాకీ అని ఒప్పుకున్న తర్వాత, పాత పని ఇచ్చిన నేర్పును లెక్కించడానికి ఆ బాకీని అడ్డుపెట్టడం ఎందుకు? ఈ రెండూ వేరు వేరు సంగతులు. పెన్షన్ చెల్లించేది నిన్నటి పనికి. ఇంక్రిమెంటు ఇచ్చేది ఇవాళ అతను తెచ్చే పనితనానికి. పెన్షన్ వదిలేశాం కాబట్టి అనుభవం వదులుకో అనడం, అప్పు తీర్చేశాం కాబట్టి ఇక నీకు కూలి అడిగే హక్కు లేదన్నట్టుంది.

దీనికి గట్టి అభ్యంతరాలున్నాయి. మొదటిది ఖజానా వైపునుంచి వచ్చేది. ఒకే సర్కారు ఒకే మనిషికి నెలకు రెండుసార్లు చెల్లించడం ఏం న్యాయం? ఈ అభ్యంతరం మనదేశానికే పరిమితం కాదు. అమెరికాలో 1894లోనే ఒక మనిషి రెండు సర్కారు పదవుల జీతం తీసుకోకూడదన్న చట్టం వచ్చింది. 1932 ఆర్థిక మాంద్యంలో దాన్ని మరింత బిగించారు. 1964లో డ్యూయల్ కాంపెన్సేషన్ చట్టం వచ్చి, ఫెడరల్ సివిల్ ఉద్యోగంలో చేరిన రెగ్యులర్ సైనికాధికారి పెన్షన్‌లో 2,000 డాలర్లు, మిగిలినదాంట్లో సగం వదిలి, మిగతాది కోసింది. సాధారణ సైనికులను ఆ కోత నుంచి మినహాయించింది. మన 1983 ఉత్తర్వూ అదే గీత గీసింది. చివరికి అమెరికా ఆ కోతను 1999 అక్టోబరు 1 నుంచి పూర్తిగా ఎత్తేసింది. నైపుణ్యం ఉన్న మాజీ సైనికులు సర్కారు కొలువుకు రాకుండా పోతున్నారన్నది దాని వెనక ఉన్న ప్రధాన కారణాల్లో ఒకటి. రెండుసార్లు చెల్లిస్తున్నారన్న మాటే తప్పు. రిటైరైన మిలిట్రీ క్లర్కు ఒక ప్రైవేటు కంపెనీలో చేరితే సర్కారు అతనికి పెన్షన్ ఇవ్వకుండా ఉండదు, ఆ కంపెనీ జీతం తగ్గించదు. అతను పోస్టాఫీసులో చేరినంత మాత్రాన సర్కారుకు లభించే పని విలువ తగ్గిపోతుందా? రెండో యజమాని కూడా సర్కారే కావడం ఆ మనిషి చేసిన నేరం కాదు.

సుప్రీంకోర్టు ఎప్పుడూ మాజీ సైనికుల పక్షమే తీసుకుందని అనుకోకూడదు. వాసుదేవన్ పిళ్లై కేసులో 1994 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో, తిరిగి కొలువులో చేరినవాడికి పెన్షన్ మీద కరువు భత్యం ఆపడం చట్టబద్ధమేనని కోర్టు అంది. జీతం మీద కరువు భత్యం వస్తోంది కదా, ధరల భారం ఒకటే కాబట్టి రెండుసార్లు ఎందుకు అన్నది ఆ తర్కం. ఇందులో నిజం ఉంది. కరువు భత్యం ధరలకు సంబంధించినది, మనిషి ఒక్కసారే తింటాడు. అయినా మాజీ సిపాయి పెన్షన్ విలువ ఏళ్లతో కరిగిపోతుంటే దాన్ని లెక్కలోంచి తీసేశామన్న మాటకు అర్థం పలచబడుతుంది. ఐదో వేతన సంఘం తర్వాత కేంద్రమే ఈ వైపు మొగ్గింది. 1999 జూలై ఉత్తర్వుతో, పెన్షన్ మొత్తం వదిలేసి కనీస జీతం ఇచ్చిన సందర్భాల్లో పెన్షన్ మీద కూడా కరువు భత్యం ఇవ్వడాన్ని 1997 జూలై 18 నుంచి వర్తించేలా అంగీకరించింది. షరతు గమనించండి, కనీస జీతం దగ్గర మొదలైతేనే. అనుభవానికి ఇంక్రిమెంటు అడిగితే ఈ భత్యం పోతుంది. ఒకటి ఇవ్వాలంటే ఇంకొకటి లాక్కోవాలన్న అలవాటు ఇక్కడా కనిపిస్తుంది.

సెలవుల సంగతికి వస్తే నా అభిప్రాయం వేరు. కేంద్ర సివిల్ సర్వీసుల సెలవు నిబంధనలు 1972, రిటైరై తిరిగి చేరినవాణ్ణి చేరిన రోజున మొదటిసారి సర్కారు కొలువులోకి వచ్చినట్టు చూస్తాయి. సైన్యంలో ఏడాదికి అరవై రోజుల వార్షిక సెలవు, దానికి తోడు క్యాజువల్ సెలవు ఉన్నవాడు జనవరిలో పదిహేను, జూలైలో పదిహేను రోజుల సంపాదిత సెలవు ఖాతాతో కొత్తగా మొదలుపెడతాడు. ఇది అన్యాయమని మాజీ సైనికుల సంఘాలు అనవచ్చు. నేను ఒప్పుకోను. సైనికుడి అరవై రోజుల సెలవు అతను ఏళ్ల తరబడి ఇల్లు విడిచి, కుటుంబానికి దూరంగా ఉన్నందుకు. రోజూ సాయంత్రం ఇంటికి చేరే కొలువులో ఆ అవసరం లేదు. వాడుకోని సెలవుకు రిటైరైనప్పుడే 300 రోజుల దాకా నగదు కూడా ఇచ్చేస్తారు. పైగా మన దేశంలో సంపాదిత సెలవు సర్వీసు పొడవుతో పెరగదు. కొత్తగా చేరినవాడికీ ముప్పై ఏళ్ల వాడికీ సంవత్సరానికి ముప్పై రోజులే. అమెరికాలో అలా కాదు. అక్కడ మొదటి మూడేళ్లు ఏడాదికి 13 రోజులు, పదిహేనేళ్ల దాకా 20 రోజులు, ఆ తర్వాత 26 రోజులు. ఇరవై ఏళ్లు సైన్యంలో చేసి రిటైరై చేరినవాడికి, యుద్ధ కాలంలోనో గుర్తింపు పొందిన సైనిక చర్యలోనో చేసిన సేవకు, లేదా యుద్ధంలో అంగవైకల్యం కలిగినందుకు తప్ప, ఆ ఇరవై ఏళ్లు సెలవు లెక్కలోకి రావు. అక్కడ ఫిర్యాదుకు అర్థం ఉంది. ఇక్కడ సెలవు ఖాతా సున్నా నుంచి మొదలైతే పోయేది పెద్దగా లేదు. అందుకే జీతం గురించి చెప్పిన వాదనను సెలవుల మీదికి లాగడం ఆ వాదనకే బలహీనత.

రెండో అభ్యంతరం ఊళ్లోనుంచి వచ్చేది, దీనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. కంగ్టిలో డిగ్రీ చేసి కొలువు కోసం ఎదురుచూస్తున్న పిల్లవాడు అడుగుతాడు. మాజీ సైనికులకు రాష్ట్ర సర్వీసుల్లో 2 శాతం రిజర్వేషన్ ఉంది, సైన్యంలో చేసిన ఏళ్లకు మరో మూడేళ్లు కలిపి వయసు సడలింపు ఉంది, పెన్షన్ ఉంది. ఇంకా ఇంక్రిమెంట్లు కూడా ఎందుకు? ఈ ప్రశ్నలో ఈర్ష్య లేదు, ఆకలి ఉంది. కాని ఇంక్రిమెంటు వల్ల అతనికి రావాల్సిన పోస్టు తగ్గదు. పోస్టు ఎవరికి అన్నది రిజర్వేషన్‌తో తేలుతుంది, ఆ పోస్టులో జీతం ఎంత అన్నది వేరే సంగతి. ఇక సైనికుడి పని గుమాస్తా పనిలాంటిది కాదు కదా అన్న మాట ఉంది. అన్ని ట్రేడులకూ ఇది వర్తించదు. పట్టాళంలో డ్రైవర్‌గా, సిగ్నల్ ఆపరేటర్‌గా, నర్సింగ్ అసిస్టెంట్‌గా పదిహేనేళ్లు చేసినవాడు అదే పనికి సివిల్ కచేరీలో చేరితే ఆ అనుభవం సున్నా ఎలా అవుతుంది? 1958 ఉత్తర్వు సమానమైన లేదా పై హోదాలో చేసిన ఏళ్లకే ఇంక్రిమెంటు అన్నది. ఆ పరిమితి న్యాయమైనదే. పంజాబ్ ప్రభుత్వం 1965లోనే జాతీయ అత్యవసర పరిస్థితి రాయితీల నిబంధనలు చేసి, చైనా యుద్ధంతో మొదలైన అత్యవసర కాలంలో చేసిన సైనిక సేవను ఇంక్రిమెంట్లకూ సీనియారిటీకీ లెక్కించింది. సీనియారిటీ దగ్గర గొడవలు చాలా అయ్యాయి, వ్యాజ్యాలు ఏళ్ల తరబడి సాగాయి. అందుకే నేను సీనియారిటీ అడగడం లేదు. ముందు చేరినవాడి పదోన్నతిని తర్వాత వచ్చినవాడు దాటిపోవడం కచేరీలో నిప్పు పెట్టడమే. జీతంలో ఇంక్రిమెంట్లు ఎవరి దారికీ అడ్డం రావు.

పెన్షన్ నిబంధనల్లో ఇంకో దారి ఉండేదని కొందరు గుర్తుచేస్తారు. 1972 కేంద్ర పెన్షన్ నిబంధనల్లో 19వ నిబంధన ప్రకారం మాజీ సైనికుడు తన మిలిట్రీ పెన్షన్, గ్రాట్యుటీ తిరిగి కట్టేసి, ఆ సర్వీసును సివిల్ పెన్షన్‌కు కలుపుకోగలిగేవాడు. మళ్లీ అదే షరతు, ఒకటి వదులుకుంటేనే ఇంకొకటి. 2004 జనవరి నుంచి కేంద్రంలో, అదే ఏడాది సెప్టెంబరు నుంచి మన రాష్ట్రంలో కొత్తగా చేరినవాళ్లకు పాత పెన్షనే పోయి వాటా పెన్షన్ వచ్చాక, ఆ దారి వాళ్లకు దాదాపు అర్థం లేనిదైంది.

ఇప్పుడు ఈ చర్చ పూర్తిగా కొత్త నేల మీదికి వచ్చింది. 2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద భర్తీ అయినవాళ్లు నాలుగేళ్లు చేస్తారు. అందులో నాలుగో వంతు మందిని మాత్రమే సైన్యం ఉంచుకుంటుంది. మిగతా మూడు వంతుల మందికీ సేవానిధి కింద సుమారు 11.71 లక్షల రూపాయలు వస్తాయి, పెన్షన్ రాదు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకు ఊరికి తిరిగివచ్చే ఈ యువకుడి దగ్గర సర్కారు వందేళ్లుగా బేరమాడిన ఆ పెన్షన్ అనే అంకే లేదు. పెన్షన్‌ను చూపించి అనుభవాన్ని సున్నా చేసిన తర్కానికి అతని ముందు చెప్పడానికి ఏమీ ఉండదు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో 10 శాతం పోస్టులు కేటాయిస్తామని కేంద్రం ప్రకటించింది. ప్రవేశం గురించి చెప్పింది గాని, ఆ నాలుగేళ్లకు సివిల్ కొలువులో జీతం దగ్గర విలువ ఎంతన్నది 1986 ఉత్తర్వుల నీడలోనే ఉంది. అవి ప్రధానంగా పెన్షనర్ల కోసం రాసిన ఉత్తర్వులు.

కాబట్టి అడగాల్సింది పెద్దదేం కాదు. కేంద్ర సిబ్బంది శాఖ 1958 ఉత్తర్వులో ఉన్న ఆ ఒక్క సూత్రాన్ని, కష్టం అన్న షరతు లేకుండా, తిరిగి రాయాలి. సైన్యంలో సమానమైన పనిలో గడిపిన ప్రతి ఏడాదికి సివిల్ పోస్టులో ఒక ఇంక్రిమెంటు ఇవ్వాలి. పెన్షన్ ఉన్న హవల్దారుకూ, పెన్షన్ లేని అగ్నివీరుకూ ఒకే లెక్క ఉండాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు మాజీ సైనికులను తమ పోస్టుల్లోకి తీసుకునేటప్పుడు అదే సూత్రాన్ని స్పష్టంగా రాతలో పెట్టాలి. అగ్నివీరుల మొదటి జట్టు 2026 చివర, 2027 మొదట్లో ఇళ్లకు చేరుతుంది. ఉత్తర్వు అంతకంటే ముందే రావాలి.